నవ్వించడమూ ఒక పనే – జానీ లీవర్ జీవితం

అలిపిరిలో మెట్లదోవ మొదలవుతుంది. కొండకు పోయేవాళ్ళు వస్తూనే ఉంటారు. అక్కడ చిన్న చిన్న అంగళ్ళు ఉంటాయి. పూలు, బొమ్మలు, పూసల దండలు అమ్ముతారు. రెండు అంగళ్ళలో సరుకు ఒకటే. ధర కూడా ఇంచుమించు ఒకటే. అయినా ఒక అంగడి దగ్గరే జనం ఆగుతారు. ఎందుకు?

ఆ అంగడామెకు మాట తెలుసు. "ఏమక్కా, ఇంకా ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు, అప్పుడే ఆయాసమా?" అని అడుగుతుంది. దోవన పోయే ఆమె నవ్వుతుంది. నవ్విన మనిషి నిలబడుతుంది. నిలబడిన మనిషి ఏదో ఒకటి కొంటుంది.

మాటతో నవ్వించడం కూడా ఒక విద్య. ఆ విద్యతోనే బతికి, దేశమంతా పేరు తెచ్చుకున్న తెలుగాయన ఒకరు ఉన్నారు. ఆయన కూడా మొదట రోడ్డు మీద సరుకు అమ్మిన మనిషే. ఆయన పేరు జానీ లీవర్. ఆయన కథ చదవండి.

కనిగిరి నుంచి ముంబయికి

జానీ లీవర్ అసలు పేరు జాన్ ప్రకాశరావు జనుమల. 1957 ఆగస్టు 14న కనిగిరిలో పుట్టాడు. కనిగిరి మెట్ట ప్రాంతం. వాన పడితేనే పంట. అప్పట్లో ఆ ఊరు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఆ జిల్లాకే తర్వాత ప్రకాశం అని పేరు పెట్టారు.

జాన్‌ది తెలుగు క్రైస్తవ కుటుంబం. పేద కుటుంబం. బతుకుతెరువు కోసం ముంబయి చేరింది. అలా వెళ్ళినవాళ్ళు వీళ్ళొక్కరే కాదు. ముంబయి మిల్లుల్లో, భివండీ మగ్గాల్లో ఎందరో తెలుగువాళ్ళు పని చేశారు. కూలికి పోయి ఆ నగరం కట్టినవాళ్ళలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు.

జాన్ పెరిగింది ముంబయిలోని ధారావిలో. అది చాలా పెద్ద మురికివాడ. చిన్న చిన్న ఇళ్ళు, ఇరుకు సందులు. ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో తమిళం, ఎదురింట్లో మరాఠీ, వీధిలో హిందీ. ఒక్కొక్కరిది ఒక్కో యాస. ఒక్కొక్కరిది ఒక్కో నడక. జాన్ వాళ్ళను చూస్తూ, వింటూ పెరిగాడు. చూసినదాన్ని చేసి చూపించేవాడు. ఆ వీధే అతనికి రెండో బడి.

ఏడో తరగతితో ఆగిన చదువు

పిల్లలందరిలో జాన్ పెద్దవాడు. అతని వెనక చెల్లెళ్ళు, తమ్ముడు ఉన్నారు. తండ్రి ఒక పెద్ద సబ్బుల కంపెనీలో కార్మికుడు. పని ఉంది. జీతం ఉంది. కానీ తాగుడు కూడా ఉంది. తండ్రి తాగుడు వల్ల ఇల్లు గడవడం కష్టమయ్యేదని జానీ లీవర్ పెద్దయ్యాక చాలాసార్లు చెప్పారు. బడి ఫీజు కోసం, ఇంటి సరుకుల కోసం బంధువుల దగ్గర చేయి చాచవలసి వచ్చేది.

తాగే మనిషి ఉన్న ఇల్లు ఎట్లుంటుందో చెప్పక్కర లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడింది ఇలాంటి ఇళ్ళ కోసమే.

జాన్ ఏడో తరగతితో చదువు మానేశాడు. బడిలో అతనంటే అందరికీ ఇష్టమే. పంతుళ్ళను, పంతులమ్మలను అనుకరించి అందరినీ నవ్వించేవాడు. అతను బడి మానేసినప్పుడు క్లాసు టీచరమ్మ ఊరుకోలేదు. పిల్లలను పంపి పిలిపించింది. ఫీజు తానే కడతానంది. అయినా జాన్ మళ్ళీ బడికి పోలేదు. పెద్ద కొడుకు కదా. ఇంట్లో కూడు కావాలి. ఆ టీచరమ్మను మాత్రం ఆయన మరిచిపోలేదు. ఇంత పేరు వచ్చాక కూడా ఆమెను గుర్తుచేసుకుంటూనే ఉన్నారు.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. చదువు మానేసినందువల్ల జాన్ గొప్పవాడు కాలేదు. మానేసినా నేర్చుకోవడం ఆపలేదు. అందువల్ల గొప్పవాడయ్యాడు. బడి మానేసిన పిల్లలు ఎందరో బరువులు మోస్తూనే ముసలివాళ్ళయ్యారు. వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

సినిమా గొంతులతో పెన్నుల అమ్మకం

బడి మానేసిన జాన్ ముంబయి రోడ్ల మీద పెన్నులు అమ్మాడు. పెన్నులు అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు. అందరూ "పెన్నులు, పెన్నులు" అని అరిచేవాళ్ళే. జాన్ వేరే దోవ పట్టాడు. హిందీ సినిమా నటుల గొంతుతో పెన్నులు అమ్మాడు. ఒకసారి హీరో గొంతు. ఒకసారి విలన్ గొంతు. వాళ్ళ పాటలకు వాళ్ళలాగే ఆడేవాడు. జనం ఆగేవాళ్ళు. నవ్వేవాళ్ళు. పెన్ను కొనుక్కుని పోయేవాళ్ళు.

ఇతరుల గొంతును అచ్చంగా అనుకరించడాన్ని మిమిక్రీ అంటారు. తెలుగులో ధ్వన్యనుకరణ అంటారు. మన తెలుగునాట ఈ విద్యకు గౌరవం తెచ్చినవారు వరంగల్లుకు చెందిన నేరెళ్ల వేణుమాధవ్. ఆయన 1932లో పుట్టారు. 2001లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2018లో కన్నుమూశారు.

జాన్ కూడా ఈ విద్యను ఊరికే వదిలెయ్యలేదు. ముంబయిలో అప్పటికే పేరున్న మిమిక్రీ కళాకారులను చూసి మెళకువలు నేర్చుకున్నాడు. పుట్టుకతో వచ్చింది కొంత. కష్టపడి నేర్చుకున్నది కొండంత.

సబ్బుల కంపెనీలో కొత్త పేరు

1974లో జాన్ కూలీగా కంపెనీలో చేరాడు. తండ్రి పనిచేసే కంపెనీయే అది. దాని పేరు హిందుస్థాన్ లీవర్. లైఫ్‌బాయ్ సబ్బు, సర్ఫ్ పొడి తయారుచేసే కంపెనీ. మన ఇళ్ళలో గుడ్డలు ఉతికే ప్రతి ఆడమనిషికీ ఆ సరుకులు తెలుసు. 2007 నుంచి ఆ కంపెనీ పేరు హిందుస్థాన్ యూనిలీవర్.

జాన్ చేసిన పని పీపాలు దొర్లించడం, మొయ్యడం. ఒక్కో పీపా 100 కిలోల పైనే ఉండేది. ఒక పెద్ద బియ్యం మూట కన్నా తక్కువ కాదు. పగలంతా అలాంటి పని. పని మధ్యలో తోటివాళ్ళను నవ్వించేవాడు. బరువు అదే బరువు. నవ్వుతూ ఉంటే పొద్దు మాత్రం తొందరగా గడిచేది.

ఒకసారి కంపెనీలో పనివాళ్ళ వేడుక జరిగింది. జాన్ వేదిక ఎక్కాడు. కంపెనీ పెద్ద ఆఫీసర్లను అనుకరించాడు. ఒకాయన ఎలా మాట్లాడతారు? ఇంకొకాయన ఎలా నడుస్తారు? అన్నీ చేసి చూపించాడు. పనివాళ్ళు పడీ పడీ నవ్వారు.

కూలివాడు ఆఫీసర్ల ఎదుట ఇట్లా చెయ్యడం చిన్న విషయం కాదు. ఉద్యోగం పోవచ్చు. కానీ అతను ఎవరినీ కించపరచలేదు. తిట్టలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చూపించాడు. అంతే. చూసినవాళ్ళు మెచ్చుకున్నారు. ఆ రోజు నుంచి తోటి పనివాళ్ళు అతన్ని "జానీ లీవర్" అని పిలిచారు. జాన్ అనే పేరు జానీ అయింది. కంపెనీ పేరు ఇంటిపేరయింది. తర్వాత లోకమంతా ఆయన్ను ఆ పేరుతోనే పిలిచింది.

ఉద్యోగమా? హాస్యమా?

పగలు కంపెనీ పని. సాయంత్రం స్టేజీ మీద హాస్యం. రోజులు ఇట్లా గడిచాయి. పేరు పెరిగే కొద్దీ పిలుపులు పెరిగాయి. వేరే ఊళ్ళకు పోవలసి వచ్చేది. కంపెనీకి సెలవులు ఎక్కువయ్యాయి. రెండు పడవల మీద కాళ్ళు పెడితే ఎంతకాలం నడుస్తుంది?

కంపెనీ పని అంటే నెల తిరిగేసరికి జీతం. హాస్యం అంటే ఈ రోజు ఉంటుంది, రేపటి సంగతి తెలియదు. ఇంటికి పెద్ద కొడుకు. ఏం చెయ్యాలి? జానీ లీవర్ తొందరపడలేదు. స్టేజీ మీద వచ్చే డబ్బుతో ఇల్లు గడుస్తుందని గట్టిగా తెలిసిన తర్వాతే నిర్ణయం తీసుకున్నారు. 1981లో ఉద్యోగం మానేశారు.

అప్పట్లో హిందీ సినిమాలకు సంగీతం చేసే కల్యాణ్‌జీ ఆనంద్‌జీ అనే అన్నదమ్ములు ఉండేవారు. వాళ్ళు ఊరూరా పాటల కచేరీలు పెట్టేవారు. పాటకూ పాటకూ మధ్య జానీ లీవర్ వచ్చి నవ్వించేవారు. మొదట జనం వచ్చింది పాటల కోసం. పోనుపోను ఆయన కోసం కూడా ఎదురుచూశారు. 1982లో ప్రసిద్ధ నటుడు అమితాబ్ బచ్చన్ బృందంతో కలిసి విదేశాలకు వెళ్ళి ప్రదర్శనలు ఇచ్చారు. ఏడో తరగతితో బడి మానేసిన పిల్లవాడు విమానం ఎక్కాడు.

ఆయన మాటలు క్యాసెట్లుగా కూడా వచ్చాయి. 'హసీ కే హంగామే' అనే క్యాసెట్టు బాగా పేరు తెచ్చింది. ఆయన మొహం చూడనివాళ్ళు కూడా గొంతు విని నవ్వారు.

ఒక్కడే నిలబడి నవ్వించడం

ఒక మనిషి. ఒక మైకు. వేషం లేదు. తోడు లేరు. ఎదురుగా వేలమంది జనం. తన మాటలతోనే వాళ్ళను నవ్వించాలి. దీన్ని స్టాండప్ కామెడీ అంటారు. స్టాండప్ అంటే నిలబడి అని అర్థం. మన దేశంలో ఈ విద్యకు బాట వేసిన మొదటివాళ్ళలో జానీ లీవర్ ఒకరు.

పేరు కొత్తదే. నవ్వించే విద్య మనకు కొత్త కాదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క వస్తే పిల్లలు నిద్ర లేచి కూర్చుంటారు. బుర్రకథలో ఒక వంత పని నవ్వించడమే. పగటివేషగాళ్ళు ఊరి పెద్దల మీద కూడా చమత్కారాలు విసిరేవాళ్ళు. తిరుపతి గంగమ్మ జాతరలో బండ వేషం వేసినవాళ్ళు ఎదురుపడినవాళ్ళను నోటికొచ్చినట్టు తిడతారు. ఎవరూ కోపం తెచ్చుకోరు. మామూలు రోజుల్లో అనలేని మాట ఆ రోజు అనవచ్చు.

నవ్వుకు ఆ బలం ఉంది. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళతో నేరుగా చెప్పలేని మాటను నవ్వు చెబుతుంది. కూలీ జాన్ ఆఫీసర్ల ఎదుట చేసింది కూడా అదే.

వెండితెర మీద

1982లో సునీల్ దత్ తీసిన 'దర్ద్ కా రిష్తా' అనే హిందీ సినిమాలో జానీ లీవర్‌కు వేషం దొరికింది. అది చిన్న వేషమే. తర్వాత కూడా కొన్నేళ్ళు చిన్న వేషాలే. 1986లో సినిమావాళ్ళు 'హోప్ 86' అనే పెద్ద కార్యక్రమం జరిపారు. అందులో జానీ లీవర్‌కు దొరికింది మధ్యలో కాస్త సమయమే. ఆ కాస్తలోనే అందరినీ నవ్వించారు. దాని వల్ల 'జల్వా' సినిమాలో అవకాశం వచ్చింది. అది 1987లో విడుదలైంది.

1993లో 'బాజీగర్' వచ్చింది. అందులో ఆయన బాబూలాల్ అనే మతిమరుపు పనివాడు. కథ చూస్తే పగ, హత్యలు. మధ్యలో బాబూలాల్ వస్తే హాలంతా నవ్వులు. ఆ మాటల్లో చాలావరకు ఆయన అప్పటికప్పుడు అల్లినవే. ఆ సినిమాతో ఆయన పేరు ఇంటింటికీ చేరింది.

'దీవానా మస్తానా', 'దుల్హే రాజా' సినిమాలకు ఆయనకు ఉత్తమ హాస్యనటుడిగా ఫిలింఫేర్ బహుమతులు వచ్చాయి. ఆ సినిమాలు 1997, 1998లో వచ్చాయి. మొత్తం మీద ఆయన నటించిన సినిమాలు 300 దాటాయి.

పేరు వచ్చింది. డబ్బు వచ్చింది. దానితోపాటు తాగుడు కూడా వచ్చింది. తండ్రి తాగుడు వల్ల కష్టపడిన మనిషే తానూ తాగుడులో పడ్డారు. ఈ సంగతి ఆయనే దాచకుండా చెప్పారు. తర్వాత పూర్తిగా మానేశారు. పడడం సులభం. లేవడం కష్టం. ఆయన లేచారు.

ఆడవాళ్ళు నవ్వితే తప్పా?

"నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదు" అని ఒక సామెత ఉంది. ఈ సామెత ఎవరు చెప్పి ఉంటారు? ఆడవాళ్ళు నోరు విప్పితే ఓర్వలేని వాళ్ళే. నాట్లు వేసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు ఆడవాళ్ళు ఎన్ని చమత్కారాలు ఆడుతారు! ఎంత నవ్వుతారు! నవ్వు లేకపోతే ఆ వంగిన నడుములు సాయంత్రం దాకా నిలుస్తాయా?

మన తెలుగు సినిమాల్లో నవ్వించిన ఆడవాళ్ళు కూడా తక్కువ కాదు. గిరిజ, రమాప్రభ, శ్రీలక్ష్మి పేర్లు మీరు వినే ఉంటారు. రమాప్రభ పుట్టింది మన రాయలసీమలోని కదిరిలోనే.

జానీ లీవర్ కూతురు జేమీ లీవర్ కూడా స్టేజీ ఎక్కారు. తండ్రికి ఏడో తరగతితో చదువు ఆగింది. కూతురు లండన్ దాకా పోయి పై చదువు చదివారు. అక్కడే కొంతకాలం ఉద్యోగం చేశారు. ఆ తర్వాత హాస్యాన్ని తన వృత్తిగా ఎంచుకున్నారు. ఒక్కతే మైకు పట్టుకుని నిలబడి వేలమందిని నవ్వించారు. 2024లో 'ఆ ఒక్కటీ అడక్కు' అనే తెలుగు సినిమాలో నటించారు. కనిగిరి నుంచి వెళ్ళిన కుటుంబంలోని కూతురు అలా తెలుగు తెర మీదికి వచ్చారు.

నవ్వు వేరు, ఎగతాళి వేరు

నవ్వించడానికి రెండు దోవలు ఉన్నాయి. ఒకటి అందరూ కలిసి నవ్వుకునే దోవ. ఇంకొకటి ఒకరిని ఏడిపించి మిగతావాళ్ళు నవ్వే దోవ.

నల్లగా ఉందని ఒక పిల్లను ఎగతాళి చేస్తారు. నత్తి ఉందని ఒకరిని వెక్కిరిస్తారు. చదువు రాదని, వేలిముద్ర అని ఒకామెను నలుగురిలో నవ్వులపాలు చేస్తారు. ఆ నవ్వు ముల్లు లాంటిది. గుచ్చుకుంటే చాలా కాలం నొప్పి. అక్షరాలు దిద్దడానికి వచ్చినప్పుడు "ఈ వయసులో చదువా?" అని నవ్వినవాళ్ళు మీకూ ఎదురై ఉంటారు.

నవ్విన నాపచేనే పండుతుంది అంటారు. ఎగతాళి చేసినవాళ్ళ ముందే మీరు పలక పట్టారు. ఇప్పుడు పుస్తకం చదువుతున్నారు. ఈసారి వాళ్ళు ఏమైనా అంటే ఏడవకండి. నవ్వుతూ ఒక పేజీ చదివి వినిపించండి.

కొత్త మాటలు

అనుకరించడం – ఇతరులు చేసినట్టే చేసి చూపించడం
మెళకువ – పని బాగా చెయ్యడానికి తెలియవలసిన కిటుకు
కించపరచడం – మర్యాద తగ్గించి మాట్లాడడం
వృత్తి – బతకడం కోసం చేసే పని
చమత్కారం – తెలివితో నవ్వు పుట్టించే మాట

లెక్క కట్టండి

1. జాన్ 1957లో పుట్టాడు. 1974లో కంపెనీలో చేరాడు. అప్పుడు అతనికి ఇంచుమించు ఎన్నేళ్ళు?
2. 1981లో ఉద్యోగం మానేశారు. కంపెనీలో ఎన్నేళ్ళు పని చేశారు?
3. మొదటి సినిమా 1982లో. బాగా పేరు తెచ్చిన 'బాజీగర్' 1993లో. మధ్యలో ఎన్నేళ్ళు గడిచాయి?

జవాబులు రాయండి

1. జాన్ చదువు ఎందుకు ఆగింది? క్లాసు టీచరమ్మ ఏం చేసింది?
2. జాన్ పెన్నులు ఎలా అమ్మేవాడు?
3. 'జానీ లీవర్' అనే పేరు ఎలా వచ్చింది?
4. ఉద్యోగం మానే ముందు ఆయన ఏం చూసుకున్నారు?

కలిసి మాట్లాడండి

1. మీ ఊళ్ళో బాగా నవ్వించే ఆడవాళ్ళు ఎవరు? వాళ్ళను ఊరు ఎలా చూస్తుంది?
2. మిమ్మల్ని నొప్పించిన ఎగతాళి ఏది? అందరూ కలిసి నవ్వుకున్న మాట ఏది? రెంటికీ తేడా ఏమిటి?
3. మీ వీధిలో బడి మానేసిన పిల్లలు ఉన్నారా? వాళ్ళను మళ్ళీ బడికి పంపడానికి మీ గుంపు ఏం చెయ్యగలదు?

చేసి చూడండి

మీ గుంపులో ఒక్కొక్కరు నిలబడండి. మీరు చూసిన ఒక నవ్వు పుట్టించే సంగతిని ఐదు మాటల్లో చెప్పండి. ఎవరినీ కించపరచకూడదు. తర్వాత ఆ ఐదు మాటలనూ మీ నోటు పుస్తకంలో రాయండి. కింద మీ పేరు, ఆ రోజు తేదీ వెయ్యండి.